అంజనమ్మ నానబాల మడి

అందరూ కలుపుగా పీకి పారేసే మొక్కకు మడి కట్టి, నీళ్లు పెట్టి, విత్తనం దాచి పెంచిన మనిషి ఆ ఊళ్లో అంజనమ్మ ఒక్కతే. ఆ మొక్క వల్ల ఆమెకు కొంతకాలం మంచిపేరు వచ్చింది. ఆ తర్వాత వచ్చిన పేరు మాత్రం ఆమెను చివరిదాకా వదల్లేదు.

ఊరు వత్తల్‌మలై కొండ అడుగున, ధర్మపురి రోడ్డుకు ఎడంగా ఉంది. అంజనమ్మ అత్తవారిది ఆ ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న తెలుగు ఇల్లు. ఎన్ని తరాల కింద వచ్చారో వాళ్లకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరం ఒక్కరికీ రాదు. మెట్టపొలం మీద రాగులు, ఉలవలు, చెనక్కాయలు. ఒక బావి, దానికి నీళ్లు తోడే కపిల, రెండు జతల ఎద్దులు. అత్త చిక్కమ్మ మాటే ఇంట్లో చెల్లేది. మామ పోయి చాలా ఏళ్లయింది. పెద్దకొడుకు హనుమంతప్ప అంజనమ్మ మొగుడు. చిన్నవాడు జయరామ.

అంజనమ్మ పుట్టిల్లు తొప్పూరు. కనుమ ఎక్కే లారీల మూలుగు వింటూ పెరిగిన పిల్లకు, పెళ్లయిన కొత్తలో అత్తగారి ఊరి నిశ్శబ్దానికి చెవులు దిబ్బళ్లు పడ్డట్టు ఉండేది. ధర్మపురి వేరే జిల్లా అయిన కొత్తల్లో ఆమెకు మగబిడ్డ పుట్టాడు. పాలు పడలేదు. చిక్కమ్మ వెల్లుల్లి పెట్టింది, మెంతులు పెట్టింది, ఎండుచేపలు తెప్పించి పులుసు చేసి పెట్టింది. రొమ్ములు బరువెక్కలేదు. మేకపాలలో గుడ్డపీలిక ముంచి బిడ్డ నోట్లో పెట్టారు. బిడ్డ కొన్నాళ్లు చీకాడు. తర్వాత చీకడం మానేశాడు. పేరు పెట్టకముందే పోయాడు.

"ఎండిన బావిని తెచ్చి నట్టింట పెట్టుకున్నాం" అంది చిక్కమ్మ, పలకరించడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు. లోపల పడుకుని ఉన్న అంజనమ్మకు వినపడాలనే అంది.

ఆ తర్వాత ఆమెకు కడుపు పండలేదు.

కొండమీది నుంచి కాళియమ్మాళ్ అనే ముసలామె అప్పుడప్పుడు దిగి వచ్చేది. సామలు, తేనె, కాలం వస్తే పనసపండ్లు తెచ్చి, బదులు రాగులు కొలిపించుకుని పోయేది. ఒకరోజు ఆమె వచ్చేసరికి అంజనమ్మ రాగిచేనిలో కలుపు తీస్తోంది. పీకిన మొక్కలు గట్టు మీద కుప్పగా పడి ఉన్నాయి. కాళియమ్మాళ్ ఆ కుప్ప దగ్గర గొంతుక్కూర్చుని ఒక మొక్క తీసింది.

"ఇది ఏల పారేస్తివి తాయీ?" అని తమిళంలో అడిగింది.

"కలుపు కదా పాట్టీ" అంది అంజనమ్మ అవ్వతో.

"బాలింతకు పాలు పడకపోతే మేము వండిపెట్టేది ఇదే. అమ్మాన్ పచ్చరిసి. మీ తెలుగోళ్లు ఏమంటారో?"

అంజనమ్మకు పేరు తెలుసు. నానబాలు. చిన్నప్పుడు కాళ్లమీది పులిపిర్లకు దాని పాలు రాసుకున్నది తెలుసు. అది తింటారని తెలియదు. చేతిలో ఉన్న కలుపుకొడవలి కింద పెట్టి ఆమె ఆ కుప్పను చూస్తూ కూర్చుండిపోయింది. బిడ్డ మేకపాలు కక్కుకుంటూ ఉన్న ఆ రోజుల్లో కూడా ఈ చేని నిండా ఇదే మొక్క ఉండింది. కూలివాళ్లు గంపలకొద్దీ పీకి ఎద్దులకు కూడా వేయకుండా పారబోశారు.

"నాకు చూపించు పాట్టీ" అంది. "తప్పు పోకుండా చూపించు."

కాళియమ్మాళ్ ఆమెను చేనంతా తిప్పింది. తుంచితే పాలు కారే మొక్కలన్నీ పీకి తెమ్మంది. అంజనమ్మ కొంగునిండా తెచ్చింది. ముసలామె వాటిని గట్టు మీద పరిచి వేరు చేసింది. నేలకు అంటుకుని చాపలా పాకేది ఒకటి, దాని ఆకు పెసరబద్దంత. అది పక్కకు. అసలు నానబాలు జానెడు లేస్తుంది, కాడ ఎర్రగా ఉంటుంది, వేలితో రాస్తే నూగు తగులుతుంది. ఆకులు ఎదురెదురుగా జతలు. ఆకును మధ్య ఈనె మీద మడిస్తే రెండు సగాలు సరిపోవు, ఒక పక్క కురచ. నడిమధ్య ఒక్కోసారి ఊదారంగు మచ్చ. ఆకు పుట్టేచోట, కణుపు కణుపుకూ, నూకబియ్యం ముద్ద చేసినట్టు పూలగుత్తి.

"అందుకే పచ్చరిసి, పచ్చిబియ్యం, అన్నారు" అంది కాళియమ్మాళ్. తర్వాత ఇంకో మొక్క చేతిలోకి తీసుకుంది. "దీన్ని చూడు. ఇదీ పాలు కారుస్తుంది, ఇదీ వానతో పుట్టి ఎండతో చస్తుంది. లేతగా ఉన్నప్పుడు అక్కాచెల్లెళ్లలాగ ఉంటాయి. కానీ కాడ నున్నగా ఉండాది, నూగు లేదు. పెరిగితే నడుము దాకా లేస్తుంది. పువ్వు కణుపుల్లో రాదు, నెత్తిన వస్తుంది. నెత్తిమీది ఆకుల మొదట్లో ఎరుపు పూసినట్టు ఉంటుంది. ఇది కడుపులోకి పోతే వాంతులూ బేదులూ. బాలింత తట్టుకోలేదు."

"దీని పేరు?"

"పేరు పెట్టి పిలిచేంత మంచిదా అది?"

అంజనమ్మ ఆ రోజు నుంచి చేనికి పోయిన ప్రతిసారీ పాలమొక్క కనపడితే తుంచి, రాసి, మడిచి చూసేది. కొన్నాళ్లకు వంగకుండానే, నడుస్తూ నడుస్తూ, ఇది అది అని చెప్పగలిగింది. ఇంకెవరికీ ఆ తేడా పట్టలేదు. పట్టించుకోవలసిన అవసరమూ వాళ్లకు రాలేదు.

జయరామకు పెన్నాగరం వైపు నుంచి సౌభాగ్యం అనే పిల్లను చేసుకున్నారు. తెల్లగా, నెమ్మదిగా, అడిగినదానికే జవాబు చెప్పే పిల్ల. మొదటి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది, తల్లి లేదు కాబట్టి. ఆడపిల్ల. పాలు చాల్లేదు. బిడ్డ ఏడుపు వింటుంటే చిక్కమ్మ ముఖం పాలిపోయింది. ఆ రోజు అంజనమ్మ ఎవరినీ అడక్కుండా చేనికి పోయి నానబాలు కోసుకొచ్చింది. కడిగి, తరిగి, కందిపప్పులో వేసి, వెల్లుల్లి తగిలించి వండి, ముందు తానే తిని చూసి, తర్వాత తోడికోడలికి పెట్టింది.

"ఇది తిను సౌభాగ్యం. రోజూ పెడతాను."

"నువ్వు పెడితే ఏమైనా తింటాను అక్కా" అంది సౌభాగ్యం.

పాలు వచ్చాయి. ఆకు మహిమో, రోజూ వేళకు పప్పూ అన్నమూ కడుపునిండా తినడం మహిమో అంజనమ్మకు తెలియదు, ఆమె ఆ విచారణ చేయలేదు. బిడ్డ రొమ్ము వదలకుండా తాగి, గడ్డం మీద పాలు కార్చుకుంటూ నిద్రపోవడం చూసింది. చిన్నతాయి అని పేరు పెట్టారు. బారసాలనాడు చిక్కమ్మ పదిమంది ఎదుట, "మా పెద్దకోడలి చేతి ఆకుతో బతికింది బిడ్డ" అంది. ఆ ఇంట్లో అంజనమ్మ విన్న మెచ్చుకోలు మాట అదే. చాలాకాలం దాన్ని మనసులో తిప్పి తిప్పి వినుకునేది.

ఆ మాట ఊళ్లోకీ పోయింది. బాలింతలున్న ఇళ్లనుంచి మనుషులు రావడం మొదలైంది. వానలప్పుడు ఇబ్బంది లేదు, చేనినిండా మొక్కే. ఎండాకాలం వస్తే ఆ నేలమీద నానబాలు కాదు కదా, గడ్డిపోచ ఉండదు. కాన్పులు వానలు చూసుకుని రావు. అందుకని అంజనమ్మ కొట్టం వెనక, కపిల తోడినప్పుడు నీళ్లు చిందిపారే పల్లంలో చిన్న మడి కట్టింది.

మొదటిసారి ఏమీ మొలవలేదు. రాగులు చల్లినట్టు చల్లి, మట్టి కప్పి, ఎరువు వేసింది. ఆ విత్తనం నలుసంత, దానిమీద అంత మట్టి. రెండోసారి గింజలే దొరకలేదు. కాయ పండగానే చిటుక్కున పగిలి దూరంగా ఎగిరిపోతుంది, ఏరుకోవడానికి ఏమీ మిగలదు. మూడోసారి తెలివి వచ్చింది. కాయలు ఇంకా పచ్చెరుపుగా ఉన్నప్పుడే కొమ్మలు కోసి, చేటలో వేసి, పైన పాతచీర కప్పి ఎండలో పెట్టింది. చీర కింద చిటపటలాడుతూ గింజలు రాలాయి. వాటిని ఇసుకతో కలిపి, తడినేల మీద పైపైన చల్లి, మట్టి కప్పకుండా అరచేత్తో అదిమింది. మడి పచ్చబడింది. అంతా ఒకే కాపు. కాయగానే మొక్క ఎండిపోతుంది, మళ్లీ చల్లుకోవాలి. చిన్న చిన్న మడులుగా విడగొట్టి, ఒకటి ఎండేసరికి ఇంకొకటి ఆకుకు వచ్చేట్టు చల్లుకుంటూ పోయింది.

హనుమంతప్ప నవ్వేవాడు. "చేనిలో కూలి ఇచ్చి పీకిస్తాము. ఇక్కడ నువ్వు నీళ్లు పెట్టి పెంచుతావు" అనేవాడు. నవ్వుతూనే మేకలు పడకుండా చుట్టూ తుమ్మకంప పెట్టించాడు. ఆ రోజుల్లో వాళ్లిద్దరి మధ్యా మాటా నవ్వూ ఉండేవి. కొంగు బిగించి మడిలో వంగి, పొరపాటున వచ్చిన నున్నకాడ మొక్కను చూసి పీకేస్తున్నప్పుడు, బిడ్డ పోయినప్పటినుంచి గుండెల్లో ఉన్న బరువు కొంచెం జరిగినట్టు అంజనమ్మకు అనిపించేది.

సౌభాగ్యం రెండో కాన్పులో మగబిడ్డ పుట్టాడు. చిక్కమ్మ ఊరంతా చక్కెర పంచింది. అంజనమ్మ మామూలుగానే ఆకు వండిపెడుతోంది. బిడ్డకు మూడోనెల నడుస్తుండగా తొప్పూరు నుంచి అన్న రామసామి కబురు పంపాడు, నాయన మంచం పట్టాడు, రమ్మని. బయలుదేరే ముందు ఆమె అత్తను కొట్టం వెనక్కి తీసుకుపోయి మడి చూపించింది.

"ఈ మడిలోదే కొయ్యి అత్తా. బయట ఎక్కడా కొయ్యొద్దు. దొడ్డి కాలవ పక్కన ఇలాంటిదే ఇంకొకటి లేచి ఉండాది, అది తినకూడదు. చూడు, దీనికి నూగు ఉండాది."

"తల పండినదానికి ఆకు చూపించొచ్చినావా? పో, నీ నాయన్ని చూసుకో" అంది చిక్కమ్మ.

నాయన పోయాడు. దినాలు ముగిసేదాకా అంజనమ్మ అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చి బస్సు దిగి నడిచి వచ్చేసరికి ఇంటిముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. సౌభాగ్యాన్ని అంతకు ముందురోజు బండిలో ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోయారు. వాంతులు, బేదులు, కళ్లు లోపలికి పోయి మాట పడిపోయే స్థితి. బిడ్డను ఇంట్లో ఉంచి ఆవుపాలు పట్టారు. బిడ్డకూ బేదులు పట్టుకున్నాయి. అంజనమ్మ గడపలో అడుగుపెట్టేసరికి బిడ్డ చిక్కమ్మ ఒళ్లో ఉన్నాడు. ఊపిరి లేదు.

మగవాళ్లు బిడ్డను తీసుకుపోయాక అంజనమ్మ వంటింటి వెనక రోటి దగ్గరికి పోయింది. రోటి పక్కన వాడిపోయిన కాడలు కొన్ని పడి ఉన్నాయి. ఒకటి తీసుకుని వేలితో రాసింది. నున్నగా జారింది. నెత్తిమీది ఆకు మొదట్లో ఎరుపు. కొట్టం వెనక్కి పోయి చూసింది. మడిలో ఒక్క ఆకు తెగలేదు. మోకాళ్ల నొప్పులతో మళ్లీ అంతదూరం నడవలేని మనిషి దొడ్డి కాలవ పక్కన చేతికి అందింది కోసుకొచ్చింది. వేరే ఏమీ లేదు.

ఆమె ఆ కాడలు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"అత్తా, ఇది నా మడిలోది కాదు."

చిక్కమ్మ తలెత్తింది. చుట్టూ ఊరి ఆడవాళ్లు, శ్మశానం నుంచి తిరిగి వచ్చిన మగవాళ్లు. ఒక్క క్షణం ఆమె కళ్లలో భయం కనపడింది. అది అంజనమ్మ ఒక్కతే చూసింది. వెంటనే ఆ భయం ఇంకొకటిగా మారిపోయింది.

"నువ్వు చూపించినచోటనే కోసినాను. నువ్వు పెంచిందే కోసినాను. నీ కడుపున లేదని నా మనవణ్ణి తినేసినావా?"

"చూడండి, కాడ చూడండి" అంటూ అంజనమ్మ కొట్టం వెనక్కి పరుగెత్తి మడిలోంచి ఒక మొక్క పీకి తెచ్చింది. రెండూ రెండు చేతుల్లో పెట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ పోయింది. "దీనికి నూగు. దీనికి లేదు. దీని పువ్వు కణుపులో, దీని పువ్వు నెత్తిన. చూడండి."

చూశారు. రెండూ పచ్చగా ఉన్నాయి. రెండూ పాలు కారుతున్నాయి.

జయరామ ఎర్రబడిన కళ్లతో, గొంతు పెంచకుండా అడిగాడు. "ఇంత బాగా తెలుసు కదా వదినా నీకు. ఏది తింటే బతుకుతారో, ఏది తింటే చస్తారో. ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలీదు కదా. నీకే కదా తెలుసు?"

అందరూ జయరామ వైపు చూసి తల ఊపారు.

సౌభాగ్యం ఆస్పత్రి నుంచి బతికి వచ్చింది. గోడవైపు తిరిగి పడుకునేది. అంజనమ్మ దగ్గరికి పోతే కళ్లు మూసుకునేది. చిన్నతాయిని పెద్దమ్మ చేతిది ఏదీ తినొద్దని కట్టడి చేశారు. అప్పటిదాకా ఆమె చంక దిగని పిల్ల దూరంగా నిలబడి వేలు చీక్కుంటూ చూసేది.

ఇవన్నీ అంజనమ్మ ఓర్చుకుంది. ఒక సాయంత్రం కొట్టంలో ఎద్దులకు మేత వేస్తూ హనుమంతప్ప అన్న మాట మాత్రం ఓర్చుకోలేకపోయింది.

"ఒకటి అడుగుతాను, కోపం చేసుకోవద్దు" అన్నాడు. "పోయేముందు ఏదైనా... నీ మనసులో ఏమన్నా ఉండిందా? నాతో చెప్పు. నేను ఎవరితోనూ అనను."

ఆమె అతని ముఖం చూసింది. అతను ఎద్దు మెడ నిమురుతున్నాడు.

"నువ్వు కూడానా?" అంది.

"అడిగినాను అంతే."

మరుసటి రోజు ఆమె మడిలోకి దిగి ప్రతి మొక్కా పీకింది. దాచిన గింజలు పొయ్యిలో పోసింది. అవి చిన్నగా చిటచిటమన్నాయి.

ఇల్లు రెండయింది. బావి ఉన్న పొలం జయరామ భాగానికి పోయింది. కొండ దోవలో రాళ్లనేల, ఒక కొట్టం హనుమంతప్పకు వచ్చాయి. తల్లి చిన్నకొడుకు దగ్గర ఉండిపోయింది. భాగాలప్పుడు హనుమంతప్ప నోరెత్తలేదు. భార్య తప్పు చేసినట్టు అతనే ఒప్పుకున్నట్టుగా, ఇచ్చింది తీసుకున్నాడు.

ఎద్దుల కాళ్లకు అంటుకుని పోయిందో, ఎరువుతో పోయిందో, నానబాలు ఆ రాళ్లనేలకూ వచ్చింది. ప్రతి వానకూ గడప ముందే మొలిచేది. అంజనమ్మ పీకేది. పీకుతుండగానే ముదురుకాయలు పగిలి గింజలు చిమ్మేవి. మళ్లీ వానకు మళ్లీ మొలిచేది. ఊళ్లో పెళ్లికీ, సీమంతానికీ ఆమెను పిలవరు. బిడ్డను చూపించరు. ఆమె ఎదురొస్తే బాలింతలు కొంగుతో బిడ్డ ముఖం కప్పుకుంటారు.

వానలు మొహం చాటేసిన ఒక ఏడు, పక్కచేని గోవిందమ్మాళ్ మిట్టమధ్యాహ్నం వచ్చింది. వెనక ఆమె కూతురు, కూతురి ఒళ్లో కీచుగా ఏడ్చే బిడ్డ. గోవిందమ్మాళ్ ఆ రోజు వాకిట్లో నిలబడి తల ఊపినవాళ్లలో ఒకతె.

"అక్కా, పాలు పడలేదు. నీకు ఆ ఆకు తెలుసు కదా. ఎవరికీ చెప్పంలే. కొంచెం చూపించు."

కారే కుండ నీళ్లు పారిన చోట, అంజనమ్మ కళ్లముందే, రెండు నానబాల మొక్కలు ఉన్నాయి. గోవిందమ్మాళ్ వాటిని తొక్కుతూ నిలబడి ఉంది.

"ఏ ఆకు?" అంది అంజనమ్మ.

"అదే, అమ్మాన్ పచ్చరిసి."

"నాకు తెలీదు. నేను చూసిన మొక్క వేరు. మీకు చూపిస్తే రెండూ ఒకే మాదిరి కనపడినాయి కదా."

"బిడ్డ ముఖం చూడు అక్కా."

అంజనమ్మ చూడలేదు. లోపలికి పోయి తలుపు వేసుకుంది. బయట బిడ్డ ఏడుపు కొంతసేపు వినపడి, దూరమైంది. తలుపుకు వీపు ఆనించి నిలబడిన ఆమెకు తన మీద తనకే ఆశ్చర్యం వేసింది. ఏడుస్తున్న బిడ్డను పొమ్మనగలిగిన మనిషి తనలో ఎప్పుడు తయారైంది? ఆ రోజు అన్నం సహించలేదు. ఆ బిడ్డ ఆవుపాలతో బతికిందని తర్వాత ఎవరో అనుకుంటుంటే విన్నది. హమ్మయ్య అనుకుంది. కానీ తలుపు తీసి ఉండాల్సింది అని ఒకనాడు, ఎందుకు తీయాలి అని మరొకనాడు, ఏళ్ల తరబడి తనతో తనే వాదులాడింది.

చిక్కమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, నోరు వంకరపోయింది. జయరామ అన్న దగ్గరికి వచ్చి, సౌభాగ్యం ఒక్కతే ఎత్తలేకపోతోందని చెప్పాడు. వదిన ముఖం చూడకుండా చెప్పాడు. అంజనమ్మ పోయింది. ఎందుకు పోయిందంటే, ముసలామె ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆకు ఎక్కడ కోసిందో చెబుతుందని. ఒళ్లు తుడిచింది, పక్క మార్చింది, గంజి తాగించింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మంచం పక్కన కూర్చుని ఎదురుచూసింది. చిక్కమ్మకు మాట తడబడుతూ వచ్చేది. నీళ్లు అడిగేది, దుప్పటి అడిగేది, చిన్నకొడుకు తిన్నాడా అని అడిగేది. ఆ కళ్లు అంజనమ్మ మీద ఆగి, పక్కకు పోయేవి. అలాగే ఒక తెల్లవారుజామున పోయింది.

దినాలయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. తోడికోడళ్లు ఇద్దరూ పెరట్లో పాత్రలు తోముతున్నారు. సౌభాగ్యం బూడిద చేత్తో ఒక గిన్నెను అదేపనిగా రుద్దుతూ, తల ఎత్తకుండా అంది.

"అక్కా. అత్త ఆ ఆకు దొడ్డి కాలవ దగ్గర కోసింది. నేను చూసినాను."

అంజనమ్మ చేతిలోని చెంబు ఆగిపోయింది. "ఎప్పుడు చూసినావు?"

"అప్పుడే. కిటికీలోంచి. బిడ్డకు పాలిస్తా ఉన్నాను. అక్క వద్దన్న చోట కదా అనుకున్నాను. అత్తను ఎట్ల అడిగేది అని తినేసినాను."

"ఆస్పత్రి నుంచి వచ్చినాక చెప్పొచ్చు కదా."

"ఎట్ల చెప్పేది? నేను ఆ ఇంట్లో ఉండాల కదా అక్కా. బిడ్డ పోయినాడు. ఎవరినో ఒకరిని అనాల. నిన్ను అంటా ఉన్నారు." సౌభాగ్యం ఇంకొంచెం బూడిద తీసుకుంది. "నిన్ను అంటా ఉన్నారని ఊరుకున్నాను."

అంజనమ్మ చెంబు కింద పెట్టింది. ఈ తెల్లటి నెమ్మదైన మనిషి, నువ్వు పెడితే ఏమైనా తింటాను అన్న మనిషి, ఇన్నేళ్లూ కళ్లు మూసుకున్నది తనను చూసి భయపడి కాదు, నిజం తెలిసి.

"జయరామతో చెప్పు" అంది చివరకు. "ఈ ఇంట్లో, మీ బావ ఎదురుగా, ఒక్కసారి చెప్పు."

"చచ్చిపోయిన మనిషి మీద ఎట్ల చెప్పేది? పదిమందిలో ఆమె పేరు పోదా?"

"నా పేరు?"

సౌభాగ్యం గిన్నె కడిగి బోర్లించింది.

కొండదోవలోని ఇంటికి వచ్చి అంజనమ్మ మొగుడికి అంతా చెప్పింది. హనుమంతప్ప విన్నాడు. నులక మంచం మీద కూర్చుని నేలను చూశాడు. ముఖంలో ఏదో కదిలింది కానీ, మాటగా బయటికి వచ్చింది ఇది.

"అమ్మ పోయింది కదా. ఇంక ఏల ఆ సంగతి? తవ్వితే ఏమొస్తుంది?"

ఆమె అరవలేదు. రాగిసంగటి కెలికి, ఉలవచారు పోసి అతని ముందు పెట్టింది. ఎద్దులకు నీళ్లు చూపింది. మరునాడు ఎండ ఎక్కాక రెండు చీరలు మూట కట్టుకుని, రోడ్డు మీదికి నడిచి, తొప్పూరు బస్సు ఎక్కింది.

రామసామి కనుమ మొదట్లో లారీవాళ్లకు అన్నం హోటలు నడుపుతున్నాడు. తాటాకు పందిరి, రెండు బెంచీలు. అంజనమ్మ అక్కడ పొయ్యి దగ్గర నిలబడింది. వదిన మొదట్లో ముఖం మాడ్చుకుంది. వంట కుదిరి, ఆగే లారీలు పెరిగాక ఊరుకుంది. పనికి అలవాటుపడ్డ చేతులు, లారీల మోతకు అలవాటుపడ్డ చెవులు. పెద్ద సంతోషం లేదు గానీ, ఆమె వస్తుంటే ముఖం కప్పుకునేవాళ్లు ఎవరూ లేరు.

చాలా నెలల తర్వాత ఒక మధ్యాహ్నం హనుమంతప్ప బస్సు దిగాడు. మనిషి చిక్కాడు, చొక్కా గుండీ తెగి ఉంది. లారీవాళ్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆమె అందరికీ వేసినట్టే ఆకు వేసి, అన్నం పెట్టి, సాంబారు పోసింది. లారీవాళ్లు లేచిపోయాక అతను నోరు విప్పాడు.

"ఇంటికి రాకూడదా?"

"వస్తాను. నీ తమ్ముని ముందు నిలబడి, మా ఆడది ఆ పని చేయలేదు అని ఒక్క మాట చెప్పు. సౌభాగ్యం చెప్పకపోతే పోనీ. నువ్వు చెప్పు. ఆ రోజే వస్తాను."

అతను మజ్జిగ అన్నం కలుపుతూ ఉండిపోయాడు. "వాడితో ఇప్పుడు గొడవ పెట్టుకుంటే... బావిలోంచి తాగేనీళ్లు కూడా వాడే ఇస్తా ఉండాడు" అన్నాడు మెల్లగా.

"అయితే తిను" అంది అంజనమ్మ.

అతను తిన్నాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ధర్మపురి బస్సు వచ్చింది. ఎక్కాడు. మళ్లీ రాలేదు. ఆమె అతను తిన్న ఆకు మడిచి పారేసి, బెంచీ తుడిచి, కనుమ దిగి వస్తున్న లారీ వైపు చూసి ఇంకో ఆకు పరిచింది.